ఎక్కడికీ వెళ్లకండి

నేను ఒక టీవీ రిమోట్‌ని. ఏ ఊరి ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. లాలాగూడలో దేవసహాయం ఇంటికి వచ్చిన రోజే ఆయన భార్య గ్రేసమ్మ నాకు ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసింది. మనుషులు వస్తువుల మీద చూపే శ్రద్ధ తమ ఒంటి మీద చూపరు. ఆమె ఆయాసం గురించి చాలాకాలం ఎవరికీ చెప్పనే లేదు.

దేవసహాయం ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపు జట్టుకు గోల్‌కీపర్. ఆ ఇంట్లో గోలీ అంటారు. నా బటన్లలో ముందుగా అరిగిపోయింది టీవీ గొంతు నొక్కే మ్యూట్ బటన్. ఫుట్‌బాల్ మ్యాచి మధ్యలో స్టూడియో నుంచి మాట్లాడే యాంకరే అందుకు కారణం. క్రికెట్ నుంచి వచ్చినవాడు కాబోలు, గోలీని "వికెట్ కీపర్" అనేవాడు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు వారానికో సినిమా తారను వెంటేసుకొచ్చేవాడు. ప్రకటనలకు ముందు చేతులు చాచి, "ఎక్కడికీ వెళ్లకండి!" అనేవాడు.

"మేం యాడికి పోతంరా? నువ్వు పో, ఆట జూస్తం!" అంటూ దేవసహాయం నన్ను మంచానికేసి కొట్టేవాడు. అత్త మీద కోపం దుత్త మీద.

"పోనియ్యి, ఆయనది గూడ పొట్టకోసమే గద," అని గ్రేసమ్మ నవ్వేది.

వాళ్ల కూతురు సువార్త రాష్ట్ర జట్టులో రెండో గోలీ. అంటే బెంచీ మీది బతుకు. గుండెజబ్బుతో మంచాన పడ్డ గ్రేసమ్మకు ఒకటే ఆశ, బిడ్డ ఒక్కసారి గోల్ ముందు నిలబడితే చూడాలని. ప్రతి మ్యాచికీ నన్ను గుప్పిట్లో పట్టుకుని ఎదురుచూసేది.

ఆ ఆదివారం విరామానికి ముందు మొదటి గోలీ భుజం పట్టుకుని కూలబడింది.

"ఇగ మన సువార్తనే దిగుతది!" అన్నాడు దేవసహాయం. గ్రేసమ్మ దిండ్లకు ఆనుకుని లేచి కూర్చుంది.

స్టూడియోలో యాంకర్ ఒక హీరోయిన్‌ను బిర్యానీ ఇష్టమా, హలీం ఇష్టమా అని అడుగుతున్నాడు. విరామం అయిపోయింది. కబుర్లు అయిపోలేదు.

"ఆట షురూ అయినట్టుందిరా, సూపియ్యిరా!" దేవసహాయం అరిచాడు. నన్ను లాక్కుని ఉన్న బటన్లన్నీ నొక్కి, మళ్లీ గ్రేసమ్మ చేతిలో పెట్టేశాడు. ఆట తెప్పించే బటన్ నాకు లేదు.

ఆఖరికి యాంకర్ చెవిలో ఎవరో ఊదినట్టున్నారు. "అరెరే, మాటల్లో పడిపోయాం! సువార్త అనే అమ్మాయి పెనాల్టీ ఆపేసిందట! ఆ దృశ్యం చిన్న బ్రేక్ తర్వాత. ఎక్కడికీ వెళ్లకండి!"

"పోను," అంది గ్రేసమ్మ, చిన్నపిల్లలా తలూపుతూ.

సబ్బు ప్రకటన నడుస్తుండగా ఆమె చెయ్యి సడలింది. నేను దుప్పటి మీద పడ్డాను. దేవసహాయం కేక విని ఇరుగుపొరుగు వచ్చారు. ఆమెను ఆటోలో ఎక్కించారు. ఆస్పత్రి చేరకముందే ఆమె పోయింది.

ఖాళీ గదిలో టీవీ నడుస్తూనే ఉంది. సువార్త ఎడమ పక్కకు దూకి బంతిని ఒడిసిపట్టింది. మళ్లీ మళ్లీ చూపించారు. చూసింది నేనొక్కదాన్నే.

సమాధి తోట నుంచి వచ్చాక సువార్త మంచం అంచున కూర్చుంది. "డాడీ, అమ్మ జూసిందా?"

దేవసహాయం నన్ను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అరిగిన బటన్‌ను బొటనవేలితో రుద్దాడు.

"జూసింది బిడ్డా. నా చెయ్యి గట్టిగ పట్టుకొని, 'అగో, నా గోలీ' అన్నది. నవ్వుకుంటనే పోయింది."

ఆ పిల్ల ఆయన భుజం మీద పడి ఏడ్చింది.

ఆయన మళ్లీ టీవీ పెట్టలేదు. నా బ్యాటరీలు గోడ గడియారానికి వెళ్లాయి. నేను ఆయన పాత గ్లౌజులతో రేకుపెట్టెలో ఉన్నాను. గ్రేసమ్మ వేసిన రబ్బరు బ్యాండు ఇంకా తెగలేదు.

ఇవాళ ఎందుకో మీకు చెప్పుకున్నాను. మీరు మాత్రం సువార్తకు చెప్పకండి.