రెండు రోజులకు సరిపడా

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆమె వంటింటి గట్టు దగ్గర నిలబడి కీరా దోసకాయలు చక్రాలుగా తరుగుతోంది. ఐదింటికి టీవీలో కనిపించబోయేది తనే. తనను చూడ్డానికి వచ్చేవాళ్ళకి పలహారాలు సర్దాల్సిందీ తనే. భర్త లోపలికి వచ్చి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, "కాస్త పల్చగా తరగాల్సింది," అన్నాడు. ఆమె చేతిలో కత్తి ఆగడం చూసి, "ఫర్వాలేదులే," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. మిగిలిన కాయలన్నీ ఆమె పల్చగా తరిగింది. ఎందుకలా తరిగావమ్మా అని ఎవరైనా అడిగితే ఏం చెప్తుంది? ఆయన తరగమని పట్టుబట్టలేదు. ఫర్వాలేదనే అన్నాడు.

ఆ ఇంటాయన గొంతు పెంచగా విన్నవాళ్ళు ఆ వీధిలో లేరు. లైబ్రరీలో ఉద్యోగం, గొంతు పెంచడం వృత్తిధర్మానికే విరుద్ధం. వెన్నలాంటి మనిషని చుట్టాలంటారు, పెట్టిపుట్టావని ఆమెతో పనిచేసే నర్సులంటారు. నిజమే, పదహారేళ్ళ కాపురంలో ఒక్క కంచం విసిరింది లేదు, ఒక్క తిట్టు తిట్టింది లేదు. "నీవల్ల కాదులే, వదిలెయ్," అన్నాడొకసారి, ఆమె కారు నేర్చుకోవడం అక్కడితో ఆగింది. "ఆ రంగు నీకు నప్పదేమో, నీ ఇష్టం మరి," అన్నాడు, కొత్త బట్టలు అల్మారాలోనే పాతబడ్డాయి. నలుగురిలో ఆమె ఏదైనా చెప్పబోతే చిరునవ్వుతో, "తన ఉద్దేశం ఏమిటంటే," అని మొదలుపెట్టి ఆమె ఉద్దేశాన్ని ఆయనే చెప్పేస్తాడు. అరిచే మొగుడైతే తిరిగి అరవొచ్చు, కనీసం పక్కింటివాళ్ళయినా వింటారు. చాప కింద నీరుకి చప్పుడెక్కడిది? చాప తడిసిందంటే, నువ్వే ఏదో ఒలకబోసి ఉంటావంటారు.

ఆమె ఆస్పత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి." రోజుకు వందసార్లు అనే ఈ మూడు మాటల్లో మొదటి రెండూ తన కోసమే పుట్టాయేమోనని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు ఇప్పుడు ఆమెకి పై అధికారులు. "మీరైతే సర్దుకుపోతారు కదమ్మా," అని పెద్ద డాక్టరు సెలవురోజు డ్యూటీలన్నీ ఆమెకే వేస్తాడు. సర్దుకుపోవడంలో ఆమెకున్నంత అనుభవం ఆ ఆస్పత్రిలో బీరువాలకి కూడా లేదు.

ఇలాంటి మనిషి ఆ కార్యక్రమంలోకి ఎలా వెళ్ళిందంటే, అదీ ఆయన చలవే. మామూలు మనుషుల్ని తీసుకెళ్ళి, కమాండోలను ఎంపిక చేసేటప్పుడు పెట్టే పరీక్షలన్నీ పది రోజులపాటు పెడతారు. బురద, చన్నీళ్ళు, నిద్రలేమి, తిట్లు. చేతికి నంబరు పట్టీ కడతారు. ఎవరికి చాలనిపిస్తే వాళ్ళు పట్టీ విప్పి ఇచ్చేసి వెళ్ళిపోవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. ఇంట్లో అందరూ ప్రతి ఆదివారం చూసేవారు. ఆడవాళ్ళెవరైనా కనిపించగానే భర్త, "రెండో రోజుకి ఇంటికి," అని నెమ్మదిగా జోస్యం చెప్పేవాడు. చాలాసార్లు ఆ జోస్యం తప్పేది. తప్పినప్పుడు లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళేవాడు. ఒకరోజు భోజన విరామంలో ఆమె ఎక్స్-రే గదిలో కూర్చుని ఫోన్లో దరఖాస్తు నింపేసింది. ఎందుకు నింపిందో ఆమెకే సరిగ్గా తెలీదు. కాళ్ళు ఒకచోట నిలవని రోజులవి. ఈతలోనూ పరుగులోనూ పరీక్షలు పెట్టి, చివరికి రమ్మన్నారు.

భర్త వద్దనలేదు. ఆయన ఎప్పుడూ వద్దనడు. "వెళ్ళు, సరదాగా ఉంటుంది. రెండు రోజుల్లో వచ్చేస్తావుగా, వంటకి మనిషిని కూడా మాట్లాడక్కర్లేదు," అన్నాడు.

బయల్దేరే ముందురోజు ఆమె వండి, డబ్బాల్లో పోసి, ఏ పూటకి ఏదో కాగితం ముక్కల మీద రాసి అంటించి, ఫ్రిజ్ నింపి వెళ్ళింది. శనివారం పొద్దున, శనివారం రాత్రి, ఆదివారం పొద్దున, ఆదివారం రాత్రి. నాలుగు పూటలు. పది రోజుల పరీక్షకి వెళుతూ రెండు రోజులకి సరిపడా వండింది. ఆ సంగతి అప్పుడు ఆమెకి తట్టలేదు. రెండో రోజు సాయంత్రం నడుము లోతు చన్నీళ్ళలో నిలబడి ఉండగా, ఇంట్లో ఇది ఆఖరి డబ్బా కదా అని గుర్తొచ్చి, చెయ్యి దానంతటదే పట్టీ మీదికి వెళ్ళింది. చలికి కాదు, భయానికీ కాదు, రేపు పొద్దున్న వాళ్ళకి తినడానికేం లేదే అని. ముడి సగం విప్పాక ఒక్కసారిగా అర్థమైంది. ఆయన అన్నాడు సరే, నేనెందుకు నాలుగు పూటలకే వండాను? నేను కూడా రెండు రోజులే అనుకున్నానన్నమాట. నా మీద నాకే అంతకు మించి నమ్మకం లేదన్నమాట. పక్కన పహిల్వాన్‌లాంటి మనిషొకడు పట్టీ విప్పి ఇచ్చేసి ఒడ్డుకు వెళ్ళాడు. అతనికి దుప్పటి కప్పి వేడి టీ ఇచ్చారు. ఆమె పళ్ళతో ముడి మళ్ళీ బిగించుకుంది. మూడో రోజు ఇంట్లో ఏం తిన్నారో ఆమెకి తెలీదు. పెళ్ళయ్యాక అలా తెలియని రోజు అదే మొదటిది.

ఎనిమిది రోజులుంది. ఎనిమిదో రోజు తాళ్ళ వల మీంచి దిగుతూ మోకాలు మెలిపడితే డాక్టర్లు పంపించేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె రచ్చ గెలిచి కుంటుకుంటూ ఇంటికొస్తే, ఆ నాలుగు డబ్బాలూ గిన్నెల తొట్టిలో ఎండిపోయి ఎదురుచూస్తున్నాయి. ఆరు రోజులుగా కడగలేదు. "రెండు రోజులకే వండి పెట్టి వెళ్ళావేమే," అంది అత్తగారు, తిట్టినట్టు కాదు, బాధపడ్డట్టు. మోకాలికి కట్టుతోనే ఆమె వాటిని నానబెట్టి తోమింది.

అక్కడేం జరిగిందో ప్రసారమయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదని కాగితాల మీద సంతకం చేయించుకున్నారు. అందుకని ఈ ఏడు వారాలూ ఆమె నోరు విప్పలేదు. దాచుకోవాల్సింది ఒక్కటే. ఐదో రోజు ఆమె తలకి ముసుగేసి ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. ముసుగు తీశాక ఎదురుగా ముఖ్య శిక్షకుడు, అందరూ రాతిముఖం అని పిలిచే రిటైరైన సైనికుడు. మూడు రోజులుగా అతను, అతని మనుషులు ముఖానికి బెత్తెడు దూరంలో నిలబడి ఆమెని అనరాని మాటలన్నారు. మిగతావాళ్ళు ఏడ్చారు, ఎదురుతిరిగారు. ఆమె కనురెప్ప కూడా ఆడించలేదు. ఆ గదిలో అతను దాని గురించే ఒక ప్రశ్న అడిగాడు. మెచ్చుకుంటాడనుకుంది. మెచ్చుకోలేదు, జాలిగా చూశాడు. ఇన్నాళ్ళూ అంతమంది ఓర్పు అని పొగిడింది ఓర్పు కాదేమో, మొద్దుబారడమేమో అని అప్పుడు తోచి, ఆమె జవాబు చెప్పింది. ఈ ఇంటి గురించే చెప్పింది. కెమెరా ఎదురుగానే ఉంది.

ఆ జవాబు ఇవాళ హాల్లో అందరి ముందూ వినపడబోతోంది. పొద్దున్నుంచీ ఆమె కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతోంది. చెప్పినందుకు పశ్చాత్తాపమా అంటే కాదు. తప్పు చెప్పానా అంటే అదీ కాదు. ఈ నలుగురి ముఖాల వంక ఎలా చూడాలి, రేపు ఇదే వంటింట్లో ఎలా నిలబడాలి అన్నదే తేలడం లేదు.

గట్టు చివర పళ్ళబుట్ట కింద ఇంకో కాగితముంది. తొమ్మిదో తరగతి చదివే కూతురికి స్కూల్లో నాలుగు రోజుల కొండలెక్కే శిబిరం. తల్లి గానీ తండ్రి గానీ సంతకం చెయ్యాలి, రేపే ఆఖరు. మొన్న పిల్ల అది తండ్రి ముందు పెడితే, "ఎందుకురా తల్లీ, మీ అమ్మని చూశావుగా, మోకాలు విరగ్గొట్టుకుంటావు. నీ ఇష్టం మరి," అన్నాడు. "సరేలే నాన్నా," అంది పిల్ల. ఆ 'సరేలే' ఆమె చెవిలో ముల్లులా దిగింది. అచ్చు తన గొంతే. ఆ కాగితాన్ని పారెయ్యలేక, సంతకమూ పెట్టలేక, పళ్ళబుట్ట కింద దూర్చింది.

నాలుగున్నరకి ఆడపడుచు వచ్చింది, పక్కింటి పంతులమ్మ వచ్చింది. అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకుంది. కూతురు నేల మీద కూర్చుంది. ఆమె పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"కూర్చోవే వదినా, మెయిన్ హీరోయిన్‌వి నువ్వు," అంది ఆడపడుచు.

"తనకి కూర్చుంటే తోచదు," అన్నాడు భర్త ప్రేమగా.

మొదలైంది. తెర మీద ఆమె బురదలో పాకుతోంది, బరువు మోస్తోంది, నీళ్ళ కింద ఊపిరి బిగబట్టి అందరికంటే ఆఖరున పైకి లేచింది. పంతులమ్మ చప్పట్లు కొట్టింది. రాతిముఖం ఆమె ముఖంలో ముఖం పెట్టి అరుస్తుంటే, చూసేవాళ్ళే వెనక్కి జరిగారు.

"అమ్మో, నేనైతే అక్కడే కూలబడిపోయేదాన్ని," అంది ఆడపడుచు. "ఎక్కడిదే నీకంత ఓపిక?"

"మా ఇంట్లో ట్రైనింగ్ మరి," అన్నాడు భర్త. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, అందరికంటే నెమ్మదిగా.

తర్వాత ఆ చిన్న గది వచ్చింది. ముసుగు తీశారు. ఆమె పళ్ళెం గుమ్మానికి ఆనించి పట్టుకుంది.

"పద్నాలుగో నంబర్," అన్నాడు తెర మీద రాతిముఖం. "ఇంత అరిచినా నీలో చలనం లేదు. ఇంతకుముందు నీ మీద ఎవరు అరిచేవారు?"

తెర నిండా ఆమె ముఖం. పెదవులు విడివడ్డాయి. ఆ వెంటనే ఒక కొండ, దాన్ని ఎక్కుతున్న ఇంకెవరో. ఆ తర్వాత సబ్బు ప్రకటన. జవాబు కోసేశారు.

"అదేమిటి, నువ్వేం చెప్పావో చూపించలేదే," అంది పంతులమ్మ. "ఏం చెప్పావమ్మా?"

"ఏం చెప్తుంది పాపం," అన్నాడు భర్త. "అరవడానికి ఎవరున్నారని?"

"మా ఇంట్లో గొంతులు లేవవండీ," అంది అత్తగారు.

ఏడు వారాల గుండెదడ ఎవరి కత్తెర కిందో తెగిపోయింది. ఇక ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. ఆమెకి ఒళ్ళు తేలికపడాలి. పడలేదు. ఎవరో తన నోరు నొక్కినట్టు ఒళ్ళు మండింది. అక్కడ ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు అడిగితే చెప్పగలిగింది, ఇక్కడ చెప్పలేకపోతే ఆ ఎనిమిది రోజులూ ఎందుకు? నేల మీద కూతురు తండ్రి మాటకి తల ఊపుతోంది, నిజమేగా అన్నట్టు.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"ఎవరూ అరవలేదని చెప్పాను," అంది పంతులమ్మతో. భర్త తల ఊపాడు. "మా ఇంట్లో అరవరు, నెమ్మదిగానే అంటారని చెప్పాను. అరుపైతే ఆగినప్పుడు ఆగిందని తెలుస్తుంది. నెమ్మదిగా అన్నది లోపలికి పోయి కూర్చుంటుంది. కొన్నాళ్ళకి అది ఆయన గొంతా, నా గొంతా అన్నది నాకే తెలియకుండా పోయింది అన్నాను. అదీ నేను చెప్పింది."

టీవీలో ఎవరో బట్టలు తెల్లగా ఉతుకుతున్నారు. ఆడపడుచు చేతిలో బిస్కెట్ టీలో మెత్తబడి విరిగి పడింది. అత్తగారు కొడుకు వైపు చూడలేదు, తన చేతుల వైపు చూసుకుంది.

"పాపా, పళ్ళబుట్ట కింద నీ కాగితముంది, పట్టుకురా," అంది ఆమె. "పెన్ను కూడా."

పిల్ల ఒకసారి తండ్రిని చూసి, లేచి వెళ్ళి తెచ్చింది. ఆమె కాగితాన్ని కట్టు విప్పిన మోకాలి మీద పెట్టుకుని, అన్ని అక్షరాలూ కనపడేలా సంతకం చేసి, కూతురి చేతిలో పెట్టింది.

భర్త ముఖంలో కోపం లేదు. ఎప్పటి చిరునవ్వే. ముందుకు వంగి కూతురి తల నిమురుతూ, "ఎందుకూ, రెండో రోజుకే తిరిగొచ్చేస్తుంది," అన్నాడు.

ఎంత నెమ్మదిగా అన్నా, ఈసారి ఆ మాట గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ వినపడింది.