నట్లు లేని బోల్టులు

సుడిగాలి పక్కవీధిని ఊడ్చేసిన మూడో రోజు, గాలి బలం లెక్కకట్టే ఇంజనీరు వచ్చాడు. మా తమ్ముడు కట్టిన చెక్క ఇల్లు అక్కడ లేదు. సిమెంటు పునాది మాత్రం కడిగిన పళ్లెంలా మిగిలింది. ఇంటివాళ్లు ఊళ్లో లేరు కాబట్టి బతికిపోయారు.

“ఐదు వేసుకోండి సార్,” అన్నాడు తమ్ముడు మీసం దువ్వుకుంటూ. “నేను కట్టిన ఇంటిని లేపడం మామూలు గాలి వల్ల కాదు.”

“వెళ్లిపోయిన గాలిని కొలవలేం మేస్త్రీ. ఏం పడగొట్టిందో, అది ఎంత గట్టిదో చూసి సున్నా నుంచి ఐదు దాకా అంకె వేస్తాం,” అంటూ ఆయన పునాది దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఇంటి అడుగుదూలాన్ని పట్టి ఉంచాల్సిన బోల్టులు పునాదిలోంచి లేచి ఉన్నాయి. మూలల్లోవి వంగిపోయాయి. మధ్యవి కొత్త మేకుల్లా నిటారుగా ఉన్నాయి.

“వీటి నట్లేవి?”

“గాలి ఎత్తుకుపోయుంటుంది సార్.”

“బోల్టు మర చుట్లు చెడకుండా నట్టు విప్పుకుపోయే గాలిని నేనింకా చూడలేదు.” ఆయన పుస్తకంలో రెండు వేశాడు. “పోయింది పెద్ద ఇల్లే. తీసుకుపోయింది మాత్రం పెద్ద గాలి కాదు.”

మా ఇల్లూ తమ్ముడు కట్టిందే. అందులో నా కూతురు తొమ్మిది రోజుల పసిగుడ్డుతో ఉంది.

“మా ఇంటికీ ఇంతేనారా?”

వాడు తల ఎత్తలేదు. “తనిఖీవాళ్లు మూలలే చూస్తారక్కా. మూలల్లోనే నట్లు బిగించడం అలవాటైపోయింది. నీ ఇంటి దగ్గరా చేతులు అదే పని చేశాయి.”

పడమటి ఆకాశం కమిలిన దెబ్బలా నల్లబడుతోంది. గాలి పూర్తిగా ఆగిపోయింది. ఇంజనీరు ఫోను గీపెట్టింది. అందులో మరో సుడిగాలి హెచ్చరిక చూసి ఆయన, “అందరూ బడి కింద గదిలోకి నడవండి!” అన్నాడు.

ఇంటికి పరుగెత్తి కూతుర్నీ బిడ్డనీ బయటికి లాక్కొచ్చాను. తమ్ముడు పనిముట్ల సంచీతో ఎదురొచ్చాడు.

“ఇల్లు పోతే పోనీరా, నువ్వు రా!”

“పావుగంట చాలక్కా. గోడ అడుగు పలకలు ఊడదీసి నట్లు బిగించేస్తా. ఈ పాపం నా చేతులతోనే పోవాలి.”

బడి కింద గదిలో మేం కూర్చున్నాం. వాడి కోసం ఇంజనీరు తలుపు తెరిచే పట్టుకున్నాడు. మా ఇంటి వైపు నుంచి సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత రైలు మీదికి వచ్చినట్టు ఒక మోత. ఆయన తలుపు మూసేశాడు.

మర్నాడు తమ్ముడి శవం పొలాల అవతల దొరికింది. ఇల్లు లేచిపోయిన మా పునాది దగ్గర ఇంజనీరు మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూలల్లో నాలుగు బోల్టులు వంగి ఉన్నాయి. తూర్పు గోడ మధ్యన మరో మూడు, నట్లతో సహా వంగి ఉన్నాయి. వాటి పక్కదాని మీద నట్టు సగం దాకానే ఎక్కింది.

ఆయన పుస్తకం తెరిచాడు. నేను అంకె అడగలేదు.