వెంట వచ్చిన ముక్కాలిపీట

ఆ బట్టల షాపులో పొద్దున షట్టరు పైకి లేచిన దగ్గర్నుంచి మళ్లీ కిందికి దిగేదాకా ఎవరూ కూర్చోకూడదు. కొనడానికొచ్చినవాళ్లకు మెత్తటి సోఫాలున్నాయి. వాళ్ల వెంట వచ్చి విసుక్కునే మొగుళ్లకు కూడా గోడవారగా ఒక బల్ల ఉంది. అమ్మేవాళ్లకు మాత్రం నేలా, దానిమీద ఆనడానికి వాళ్ల సొంత కాళ్లూ తప్ప ఇంకేం లేవు. "కూర్చున్నవాళ్ల చేతిలో బేరం తెగదు" అనేవాడు యజమాని. ఆ మాట ఆయన పైగదిలో, తిరుగుడు కుర్చీలో వెనక్కి వాలి అనేవాడు.

కర్టెన్ల విభాగం గజమక్కది. ఇనప గజంబద్దతో ఆమె కొలిచి చించిన గుడ్డ ఏనాడూ తక్కువ రాలేదు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మీటర్లొచ్చి ఎన్నేళ్లయినా ఆమెను మీటరక్క అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

కాళ్లు మరీ లాగేస్తే అక్కడి ఆడవాళ్లకు ఒక ఉపాయం ఉండేది. "కింది అర చూస్తా" అని కౌంటరు వెనక గొంతుక్కూర్చుని, ఏదో వెతుకుతున్నట్టు చేతులాడిస్తూ కాసేపు సేదదీరేవాళ్లు. దాంతో ఊళ్లో ఒక నమ్మకం పుట్టింది. ఈ షాపులో మంచి సరుకంతా కింది అరలోనే దాస్తారట. వచ్చిన ప్రతివాళ్లూ "పైవి కాదు, కింది అరలోవి తియ్యమ్మా" అనడం మొదలుపెట్టారు. ఎన్నాళ్లనుంచో కదలని పాత దుప్పట్లన్నీ ఆ దెబ్బతో కదిలిపోయాయి. యజమాని మురిసిపోయాడు గానీ, ఎందుకని మాత్రం అడగలేదు.

సూపర్‌వైజరును అందరూ ఈలన్న అంటారు. ఎవరైనా గోడకు ఒరిగితే చాలు, జేబులోంచి చిన్న ఈల తీసి ఊదుతాడు. పుట్టుకతో చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు గజమక్క పక్క కౌంటర్లో తువ్వాళ్లు అమ్మినవాడే. పదోన్నతి అంటే కుర్చీ ఇస్తారనుకున్నాడు పాపం, ఈల ఇచ్చారు.

ఆ ఏడు గజమక్క కాలి నరాలు ఉబ్బి, చీలమండ పైన పుండు పడింది. డాక్టరమ్మ కట్టు కట్టి, మొహమాటం లేకుండా చెప్పింది.

"మందు నేనిస్తాను. కూర్చోవడం మీరే చెయ్యాలి. రోజంతా నిలబడితే ఇది మానదు. ముదిరితే కాలికే ముప్పు."

ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు, చేస్తే కాలు దక్కదు. ఇంటికొచ్చి అదే మాట అత్తతో చెప్పి ఏడ్చింది. అత్త ఓదార్చే రకం కాదు. "ఏడిస్తే కాలు మానుతుందంటే నేనూ వచ్చి ఏడుస్తానే" అని, వేణ్ణీళ్లు పెట్టడానికి లేచింది.

మర్నాడు గజమక్క పనికి బయల్దేరితే, వంటింట్లోని ముక్కాలిపీట కూడా బయల్దేరింది. మోకాలెత్తుంటుంది, నీలం రంగు సగం పోయింది. టకటకమంటూ గడప దాటి, మెట్ల దగ్గర కాస్త ఆలోచించుకుని, ఒక్కో మెట్టూ జాగ్రత్తగా దిగింది.

"అత్తా, పీట వస్తోంది."

"రానీవే. నాకు కూరలు తరగడానికి చాప ఉందిగా. రోడ్డు దాటేటప్పుడు మాత్రం చూసుకో, దానికి అలవాటు లేదు."

కింది వాటా ఆవిడ పీటకు దారిచ్చి, తడిమెట్టుందని హెచ్చరించింది. బస్సులో కండక్టరు ఒకసారి కిందికి చూసి, "ఎక్కేవాళ్లకు అడ్డం లేకుండా లోపలికి జరగమనండమ్మా" అన్నాడు. పీట జరిగింది.

షాపులో అది నేరుగా కర్టెన్ల కౌంటరు వెనక్కి వెళ్లి, గజమక్క మోకాళ్ల వెనక నిలబడింది. పొద్దుటిపూటంతా ఆమె దానివైపు చూడలేదు. చూస్తే కూర్చోవాలనిపిస్తుందని భయం. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక కాలు నిప్పుల మీద పెట్టినట్టయింది. పీట మెల్లగా ముందుకు జరిగి ఆమెను తాకింది. గజమక్క కూర్చుంది.

ఈల మోగింది.

"ఏమ్మా, ఇంట్లో కట్టేసి రాలేకపోయావా దీన్ని?" అంటూ ఈలన్న పరుగెత్తుకొచ్చాడు. పీటను ఎత్తుకెళ్లి గోదాంలో పెట్టి తాళం వేశాడు. అతను తిరిగొచ్చేసరికి అది అతనికన్నా ముందే కౌంటరు వెనక ఉంది.

"అన్నా, కాలు చూడు" అని గజమక్క కట్టు చూపించింది. ఈలన్న చూసి మొహం తిప్పుకున్నాడు. "నాకు చూపించి ఏం లాభం? పైన కెమెరాలో సారు చూస్తున్నారు" అన్నాడు.

ఆ సాయంత్రం పిలుపొచ్చింది. యజమాని కోపంగా కనిపించలేదు. ఆయనకు కోపం వచ్చినప్పుడే గొంతు మెత్తబడుతుంది.

"ఇవాళ నువ్వు కూర్చుంటే రేపు అందరూ కూర్చుంటారమ్మా."

"కూర్చుంటే ఏమవుతుంది సార్?"

ఇన్నేళ్ల సర్వీసులో గజమక్క ఆయన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అడిగాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. యజమాని తిరుగుడు కుర్చీని అటు తిప్పుకున్నాడు.

"రేపట్నుంచి రావద్దు."

"సరే సార్. ఎందుకు రావద్దో రాసివ్వండి. 'ఈమె కూర్చుంది' అని రాసి సంతకం పెట్టండి."

యజమాని పెన్ను అందుకుని, కాసేపు తిప్పి, పక్కన పెట్టేశాడు. అది చూసి గజమక్కకు అనుమానం వచ్చింది. అంత పెద్దమనిషి ఒక్క మాట రాయడానికి జంకుతున్నాడంటే, ఆ మాటలో ఏదో ఉంది. అదేమిటో కనుక్కోవాలనుకుంది.

కోర్టు వెనక సందులో పేదవాళ్లకు ఊరికే సలహా చెప్పే న్యాయ సహాయ కేంద్రం ఒకటుంది. గజమక్క మర్నాడే వెళ్లింది. అక్కడి లాయరమ్మ, పీట లోపలికి వచ్చేదాకా ఆగి తలుపు వేసింది. కథంతా విని నవ్వింది.

"షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టం ఉందమ్మా. తీరిక దొరికినప్పుడు కూర్చోనివ్వాలి కూడా. మీరు పుట్టకముందు నుంచీ ఉంది."

"ఉంటే మాకు కుర్చీలెందుకు లేవు?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ యజమాని పెడతాడా?"

గజమక్క ముందు తెల్లబోయింది, తరవాత ఆమెకు ఒళ్లు మండిపోయింది. తన హక్కు తనకు తెలియకుండా ఇన్నేళ్లూ కింది అరల ముందు దొంగలా గొంతుక్కూర్చుంది. ఆ అవమానం పుండుకన్నా ఎక్కువ సలిపింది. "పెట్టండమ్మా కేసు" అంది. "కొండకు వెంట్రుక వేసి లాగుదాం. వస్తే కొండ, పోతే వెంట్రుకేగా."

లాయరమ్మ కార్మిక శాఖకు ఫిర్యాదు పంపింది. విచారణ తేదీ పడేదాకా ఇంట్లో ఉండమంది. గజమక్క ఉండలేదు. రోజూ టైముకు వెళ్లి, షాపు ఎదురుగా పేవ్‌మెంటు మీద, పీట వేసుకుని దర్జాగా కూర్చునేది. వాచ్‌మన్ వచ్చి గొణిగితే, "షాపులో కూర్చోవద్దన్నారు. వీధి మీ సారుది కాదుగా" అంది. యజమాని పీటను ఎక్కడైనా పారేసి రమ్మన్నాడు. వాచ్‌మన్ రెండు వీధుల అవతల వదిలేసి, దాని వెనకాలే తిరిగొచ్చాడు. "దానికి నాకన్నా దగ్గర దారి తెలుసు సార్" అని చెప్పి తన స్టూలు... అతనికీ స్టూలు లేదు కదా, తలుపు పక్కన నిలబడ్డాడు.

తెలిసిన కొనుగోలుదార్లు ముందు గజమక్క దగ్గర ఆగేవాళ్లు. ఆమె కూర్చున్నచోటి నుంచే వాళ్ల కిటికీ కొలతలు అడిగి, ఎంత గుడ్డ పడుతుందో చెప్పి, "ఆకుపచ్చ గళ్లది మాత్రం వద్దు, ఉతికితే కుంచించుకుపోతుంది" అని పంపేది. లోపల ఆకుపచ్చ గళ్ల గుడ్డ చుట్ట విప్పకుండా తాను తానుగా ఉండిపోయింది. కూర్చున్నవాళ్ల చేతిలో బేరం తెగుతుందనే కాదు, ఆగిపోతుందని కూడా యజమానికి తెలిసొచ్చింది.

కార్మిక శాఖ అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురందిన సాయంత్రమే, షాపులోకి తెల్లటి ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. కవర్లు కూడా తియ్యకుండా కౌంటరుకొకటి వేయించాడు యజమాని. "ఇవి చూపించడానికి. కూర్చోవడానికి కాదు. కవరు నలిగిందో, జీతం కోస్తాను" అన్నాడు. ఆయనది ఏ ఎండకు ఆ గొడుగు పట్టే తెలివి. అంతటితో ఆగకుండా ఈలన్న చేత ఒక కాగితం రాయించి సంతకం పెట్టించాడు.

తనిఖీ రోజు గజమక్క, లాయరమ్మ, పీట వరసగా లోపలికొచ్చారు. అధికారి కుర్చీలన్నీ చూసి తృప్తిగా తలూపాడు.

"ఏర్పాటు ఉందిగా మరి."

"మొదట్నుంచీ ఉంది సార్" అన్నాడు యజమాని. "ఈమెను తీసేసింది కూర్చున్నందుకు కాదు. కొనడానికొచ్చినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టినందుకు. ఇదిగో, మా సూపర్‌వైజరే సాక్షి."

ఇన్నేళ్లలో గజమక్క ఒక్కరినీ పల్లెత్తు మాట అన్నది లేదు. ఆ ఒక్క కాగితం నిలిస్తే ఉద్యోగం పోయినట్టే, పేరు కూడా పోయినట్టే.

అధికారి ఈలన్నవైపు తిరిగాడు. "సంతకం మీదేనా?"

"నాదే సార్."

"జరిగిందేనా?"

ఈలన్నకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. యజమానివైపు చూశాడు, గజమక్క కాలివైపు చూశాడు, ఇక ఎటూ చూడలేక నేలవైపు చూశాడు.

"తొందరేం లేదన్నా" అంది గజమక్క. "ఆలోచించుకునే చెప్పు. నేను కూర్చునే ఉంటా." షాపు నడిమధ్యలో, కెమెరా సరిగ్గా కింద, ముక్కాలిపీట మీద కూర్చుంది.

అప్పుడు పక్క కౌంటరు దగ్గర కవరు గరగరలాడింది. తువ్వాళ్లమ్మాయి వెనకున్న కుర్చీ పీటవైపు కాసేపు చూసి, జానెడు ముందుకు జరిగి, ఆ పిల్ల మోకాళ్ల వెనక మెత్తగా తాకింది. అమ్మాయి కూర్చుంది. తరవాత దుప్పట్లావిడ. తరవాత దిండుగలీబుల అక్కాచెల్లెళ్లిద్దరూ, ఒకే కుర్చీలో సర్దుకుని. షాపంతా గరగర. కౌంటర్ల వెనక ఎన్నో ఏళ్లుగా కనిపించిన తలలన్నీ ఒకటొకటిగా కిందికి దిగాయి. అధికారి కాగితాలు సర్దుకుంటూ కుర్చీలకు అడ్డం తప్పుకున్నాడు.

"లేవండి!" అన్నాడు యజమాని. "ఏమయ్యా, ఈల వెయ్యవేం?"

ఈలన్న ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. ఈలోగా మిగిలిన ఒకే ఒక కుర్చీ, కర్టెన్ల కౌంటరుది, నడవ దాటి వచ్చి అతని వెనక ఆగింది. అతను వద్దన్నట్టు తలాడించాడు. అది వెళ్లలేదు. మనిషి నెమ్మదిగా, ఎక్కడ విరుగుతుందోనన్నట్టు కూర్చున్నాడు. బూట్లు విప్పాడు. వాచిపోయిన పాదాలవైపు, ఎవరివో అన్నట్టు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ కుర్చీలు నిన్న సాయంత్రం వచ్చాయి సార్" అన్నాడు అధికారితో. "ఆమె ఎవర్నీ తిట్టలేదు. కాలు పుండై కూర్చుంది, అంతే. ఆ కాగితంలో ఉన్నది అబద్ధం. మా సారు చెప్పారు, నేను రాశాను."

లాయరమ్మ ఆ మాటలన్నీ రాయించింది. అధికారి కళ్లజోడు సవరించుకుని, గజమక్కను ఆ పూటే పనిలోకి తీసుకోవాలనీ, కుర్చీలు ఉన్నచోటే ఉండాలనీ, వాటి మీద మనుషులు కూర్చోవాలనీ ఉత్తర్వు రాసి, యజమాని చేత సంతకం పెట్టించాడు. గజమక్క లేచి, కుంటుకుంటూ వెళ్లి, కర్టెన్ల కౌంటరు వెనక, వెంటే వచ్చిన పీట మీద మళ్లీ కూర్చుని గజంబద్ద ఒళ్లో పెట్టుకుంది. ఏడుపొచ్చింది. ఆపుకోవాలనిపించలేదు.

అద్దాల తలుపు తోసుకుని ఎవరో కొనడానికొచ్చారు. యజమాని అలవాటుగా అటూ ఇటూ చూశాడు. నిలబడ్డ మనిషి ఒక్కరూ కనిపించలేదు.

"ఇంతమందీ ఇలా కూర్చుంటే షాపు ఎవరు నడుపుతారు?"

"మేమే సార్" అన్నాడు ఈలన్న, లేవకుండా. "ఇన్నాళ్లూ మేమే నడిపాం."