బాతులకుంటను తోడినవాళ్లు

దేవుడు సృష్టించిన భూమిని కాపాడుకోవాలని మర్రెడ్డి సార్ మైకులో చెబుతున్నప్పుడే, చర్చి గోడ వెనక ఆయన టిప్పర్ బాతులకుంటలో కూల్చిన ఇళ్ల శిథిలాలు పోసింది. మేమంతా విన్నాం. ముందు పెళ్లలు జారిన చప్పుడు, తర్వాత బర్రె అరుపు, ఆ వెంటనే ఆండాలు అరుపు.

కిషన్‌బాగ్‌లో మాది చిన్న చర్చి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది రోడ్లు ఊడ్చేవాళ్లు, ఆస్పత్రుల్లో ఆయాలు, బట్టలు కుట్టేవాళ్లు. మర్రెడ్డి ఒక్కడే కాంట్రాక్టరు. పాత ఇళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపడం ఆయన వ్యాపారం. చర్చి ముందు కమాను కట్టించాడు కాబట్టి చర్చి సంఘానికి ఆయనే అధ్యక్షుడు. కమాను మీద ఏసుప్రభువు పేరుకన్నా ఆయన పేరే పెద్దది.

ఆ ఆదివారం సృష్టి పరిరక్షణ పండుగట. వేదిక వెనక ఫ్లెక్సీలో మర్రెడ్డి భూగోళాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని నవ్వుతున్నాడు. ముందు ప్లాస్టిక్ నీళ్ల సీసాల గుట్ట. నిరుడు ఇలాగే నాటిన మొక్క ఎండిపోయిన గుంతలోనే ఈసారి కూడా ఒక మొక్క పెట్టారు. ఫోటోలు దిగాక దానికి చెంబెడు నీళ్లు పోయాలని ఒక్క పెద్దమనిషికీ తోచలేదు.

ఆండాలు అరుపు విని మర్రెడ్డి మైకువాడి వైపు తిరిగాడు.

"సౌండ్ పెంచు. కోయిర్ వాళ్లు పాట అందుకోండి."

కోయిర్ పెద్ద అమల. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణానికి జాకెట్లు కుడుతుంది. ఆమె పాట అందుకోలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వెనక గేటు వైపు నడిచింది. మేమూ లేచి ఆమె వెంట నడిచాం.

ఆండాలు కుంటలో నడుము లోతు నీళ్లలో నిలబడి సిమెంటు పెళ్లలు లాగుతోంది. ఆమె, ఆమె పెనిమిటి అంజన్ బర్రెలు సాకి పాలు అమ్ముతారు. వాళ్ల తాతలూ అదే కుంటలో బర్రెలు కడిగారు. చూడి బర్రె నడుము మీద స్లాబు ముక్క పడింది. తల ఒక్కటే నీళ్ల పైన ఉంది. అందరం దిగి లాగాం. రోడ్లు ఊడ్చే రాజన్న రెండు చేతులూ ఇనుప చువ్వలకు చీరుకుపోయాయి. బర్రె మా కళ్లలోకి చూస్తూ చచ్చిపోయింది. కడుపులో దూడ ఇంకా కాసేపు కదిలింది.

డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. "నేను హారన్ కొట్టిన. సార్ పొయ్యమన్నడు, పోసిన."

మర్రెడ్డి కుంట గట్టు దాకా వచ్చాడు. బురద అంటకుండా ప్యాంటు పైకి పట్టుకున్నాడు.

"పాపం. ఇంకో బర్రెను ఇప్పిస్త తియ్యమ్మా" అన్నాడు.

"అదెక్కడ పండాలె సార్?" అంది ఆండాలు. "నీ సిమెంటు మీదనా?"

ఆయన సెల్‌ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. పోతూ పోతూ మొక్క నాటిన ఫోటోలు తనకు పంపమని ఎవరికో చెప్పాడు.

మధ్యాహ్నం చర్చి హాల్లో కూర్చున్నాం. ఫాదర్ జోజప్ప మంచివాడు. కారున్న ప్రతివాడికీ భయపడే రకం మంచివాడు.

"మర్రెడ్డి గారు మన సంఘం పెద్ద. ఇంటి విషయం బజారుకెక్కించొద్దు. అందరం ప్రార్థన చేద్దాం" అన్నాడు.

ఆస్పత్రిలో ఆయాగా చేసే శౌరమ్మ తల ఊపింది. "బర్రె వాళ్లది. కుంట సర్కారుది. నడుమ మనకెందుకీ లొల్లి?"

"నిరుడు వానలకు నీ ఇంట్ల మంచం తేలింది, యాదికి లేదా అత్తా?" అంది అమల. "సగం కుంట పూడ్చిండ్రు. ఇగ నీళ్లు ఏడికి పోవాలె? మన ఇండ్లల్లకే వచ్చినయి. ఎండకాలం రేకుల కింద నీ మనుమడు సొమ్మసిల్లి పడ్డడు. అంతకుముందు కుంట మీదినుంచి సల్లగాలి వస్తుండె. అది గూడ పాయె. ఇంకా మనకెందుకు అంటవేంది?"

శౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది ప్రపంచమంతా ఉన్న సమస్య అమలా" అన్నాడు ఫాదర్. "వాతావరణం మారిపోతోంది."

"దానంతట అది మారుతలేదు ఫాదర్. టిప్పర్ల ఎక్కి వస్తున్నది. ఎవని టిప్పరో మీకు ఎరికే."

అప్పుడే మర్రెడ్డి తలుపు దగ్గరికి వచ్చాడు. ఎంతసేపటి నుంచి విన్నాడో తెలియదు. కూర్చోమని ఎవరూ అనకముందే ఫాదర్ లేచి తన కుర్చీ జరిపాడు. మర్రెడ్డి కూర్చోలేదు.

"నాతోని లొల్లి పెట్టుకునేటోళ్లు ఒకటి యాది పెట్టుకోన్రి. మీ ఇంట్ల పెండ్లికి ఈ చర్చి దొరకది. సావుకు సమాధుల తోటల జాగ దొరకది."

మా వాళ్లు ఆకలికి భయపడరు. దిక్కులేని చావుకు భయపడతారు. ఆయనకు అది తెలుసు.

గుడ్డ చుట్టిన చేతులతో మూలన కూర్చున్న రాజన్న లేచాడు. మా సమాధుల తోటలో గుంతలు తవ్వేది కూడా అతనే.

"ఆ గుంతలు తవ్వేది నేనే సార్. రేపు నీకు గూడ నేనే తవ్వాలె. జర నాతోని మంచిగుండు."

ముందు కొంగు చాటున శౌరమ్మ నవ్వింది. ఆమె పక్కనున్న కోయిర్ పిల్ల స్రవ్య నవ్వింది. హాలంతా నవ్వింది. మర్రెడ్డి ముఖం నల్లబడింది. వినండి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. ఆయన టిప్పర్లకు, కమానుకు, ఫ్లెక్సీలకు మేం ఇన్నాళ్లూ దండం పెట్టాం. ఆ రోజు నవ్వాక చూస్తే, అక్కడ పొట్ట ముందుకు పెట్టుకుని నిలబడ్డ ఒక మనిషి తప్ప ఏమీ లేదు.

మర్నాడు పొద్దున టిప్పర్లు వచ్చే దారిలో ఆడవాళ్లం, మాతోపాటు రాజన్న, జపమాలలు పట్టుకుని బైఠాయించాం. అంజన్ తన బర్రెలను, చుట్టుపక్కల పాలవాళ్ల బర్రెలను తోలుకొచ్చి దారికి అడ్డం నిలబెట్టాడు. వెనక గల్లీ ఆటోడ్రైవరు మున్నా తన దోస్తులతో వచ్చాడు.

"మీరు దువా చదవండి అమ్మా. బండ్లను మేం రోక్తం. మా గల్లీలకు గూడ గవే నీళ్లు వస్తయ్" అని ఆటోలు అడ్డం పెట్టించాడు.

టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. హారన్లు కొట్టీ కొట్టీ అలిసిపోయాయి. కాసేపటికి పోలీసు వ్యాను వచ్చింది.

"రోడ్డు మీద ప్రార్థనకు పర్మిషన్ ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కుంట పూడ్చనీకె పర్మిషన్ ఉన్నదా సార్?" అంది అమల. "గది చూపియ్యి. లేస్తం."

"అది వేరే డిపార్ట్‌మెంటు."

పూడ్చేవాడిని అడగాలంటే వేరే డిపార్ట్‌మెంటు. అడిగినవాళ్లను ఈడ్చాలంటే మాత్రం అప్పటికప్పుడు వ్యాను, లాఠీలు, ఆడపోలీసులు. ఈ సర్కారుకు చేతకానిది ఏముంది?

అమలను, రాజన్నను ఈడ్చుకెళ్లి ఎక్కించారు. ఆండాలు దగ్గర ఇన్‌స్పెక్టరు ఆగాడు.

"నువ్వు క్రిస్టియన్‌వి కాదు గదా. నీకెందుకు వీళ్లతోని?"

"నా బర్రె గూడ క్రిస్టియన్ కాదు సార్. సంపలేదా?"

ఆమెనూ ఎక్కించి తలుపు వేశారు. వ్యాను స్టార్టయింది. అడ్డం పోయిన అంజన్ తల మీద లాఠీ పడింది. రక్తం కారుతున్నా అతను బర్రె మెడ వదల్లేదు.

అప్పుడు శౌరమ్మ లేచింది. జపమాల మెడలో వేసుకుంది, చీర ఎగజెక్కుకుంది, కుంటలోకి దిగింది. ఒక సిమెంటు పెళ్ల పైకి తీసి తట్టలో పెట్టుకుని వచ్చి, వ్యాను ముందు చక్రం దగ్గర కుమ్మరించింది. ఎవరి ముఖమూ చూడలేదు. మళ్లీ కుంటలోకి పోయింది.

ఆమె వెనక స్రవ్య, స్రవ్య వెనక మేమందరం. ఎవరి ఇంట్లో ఉన్న తట్ట వాళ్లు తెచ్చారు. తట్ట లేనివాళ్లు కొంగుల్లో మోశారు. కుంట నుంచి రోడ్డు దాకా వరస కట్టాం. లాఠీలు పడ్డప్పుడు వరస తెగింది. లాఠీ అటు పోగానే మళ్లీ అతుక్కుంది. కానిస్టేబుళ్లు వంగి పెళ్లలు పక్కకు విసురుతుంటే మేం ఇంకో వైపు పోశాం.

ఫాదర్ జోజప్ప తెల్లటి అంగీతో వచ్చి నిలబడ్డాడు. ఎవరూ జరిగి చోటివ్వలేదు. స్తోత్రం చెప్పలేదు. స్రవ్య నిండు తట్ట ఒకటి ఆయన నెత్తిన పెట్టి, "ఆగకు ఫాదర్, నడువు" అంది. ఆయన నడిచాడు. మురికి నీళ్లు అంగీ నిండా కారాయి.

మర్రెడ్డి కారు బర్రెల అవతలే ఆగిపోయింది. దిగి ఏదో అరిచాడు. బర్రెలు కూడా తల తిప్పలేదు.

వ్యాను ముందు గుట్ట బానెట్ ఎత్తుకు లేచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి శౌరమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"ముసల్దానా, నిన్ను గూడ ఎక్కిస్త."

"ఎక్కియ్యి బిడ్డా" అంది శౌరమ్మ. "ముందు నీ బండి కదలనియ్యి."

చెయ్యి విడిపించుకుంది. తట్ట దులిపి మళ్లీ కుంటలోకి దిగింది. ఆమె వెనక మేమందరం దిగాం.