తేటపడేదాకా

ఉదయం ఎనిమిదీ ఇరవైకి లాండ్రీ అక్క ఎడమ ఊపిరితిత్తిని కడగడానికి దాన్లోకి మొదటి లీటరు ఉప్పునీళ్లు పంపారు. అప్పటికి ఆమె మత్తులో ఉంది. కుడి ఊపిరితిత్తి ఒక్కటే యంత్రం సాయంతో గాలి తీసుకుంటోంది.

పరిశోధకురాలు గోడవారగా నిలబడింది. ఏడేళ్లుగా ఆమె పని ఈ జబ్బు మీదే. ఊపిరితిత్తుల్లో గాలి గదులు అంటుకుపోకుండా ఒక జిడ్డు ఊరుతుంది. పాతబడ్డ జిడ్డును ఊడ్చేసే కణాలుంటాయి. వాటిని పనిలోకి పిలిచే సంకేతాన్ని ఒళ్లే అడ్డుకుంటే జిడ్డు పేరుకుపోతుంది. పది లక్షల మందిలో ఏ ఏడెనిమిది మందికో వస్తుంది. ఇదంతా ఆమెకు కంఠతా. కడగడం మాత్రం ఇంతవరకు కళ్లారా చూడలేదు.

ముందురోజు వార్డులో లాండ్రీ అక్క ఆమెను నిలదీసింది.

"ఎన్ని జాడింపులమ్మాయ్?"

"నీళ్లు తేటగా వచ్చేదాకా అక్కా. పదో, పదిహేనో."

"ఆరేసేది ఎక్కడ?"

"దండెం మీద. నోరు మూసుకుని పడుకో అక్కా," అన్నాడు పక్కనున్న తమ్ముడు.

అక్క నవ్వబోయి దగ్గింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. దుప్పటి మడతపెట్టే ఓపిక కూడా పోయింది.

పరిశోధకురాలు పరీక్షిస్తున్న మందు సంగతీ అడిగింది. ఆ సంకేతాన్నే తుంపరగా పీల్పించే మందు. అది పనిచేస్తుందో లేదో తేల్చడానికి నలభై మంది కావాలి. మూడేళ్లు వెతికితే ఇరవై ఆరుగురు దొరికారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త నీటి తుంపర.

"నాకేది పడుతుంది?"

"నాకూ తెలియదక్కా. తెలియకూడదు."

"మా కొట్లో ఇలా చెబితే గిరాకీ మళ్లీ మొహం చూపించదు. ముందు రేపటి ఉతుకు గట్టెక్కనీ."

ఆ మొదటి లీటరు లోపలికి వెళ్లాక, బయటికి వదిలే గొట్టం తెరిచారు. సీసాలోకి నీళ్లు పాలంత తెల్లగా దిగాయి. అడుగున మడ్డి పేరుకుంది. పరిశోధకురాలు సీసాను రెండు చేతులా పట్టుకుంది. ఒంటి వేడి ఇంకా ఉంది. ఇన్నేళ్లూ ఆమె చూసింది గాజు గొట్టాల అడుగున చిటికెడు.

నాలుగోసారి ఖాళీ చేస్తుండగా తెర మీద ఆక్సిజన్ అంకె ఎనభైకి, అక్కణ్నుంచి డెబ్బై ఆరుకి పడింది.

"నింపండి," అన్నాడు మత్తు డాక్టరు.

ఊపిరి చాలని మనిషిలోకి మరో లీటరు నీళ్లు పంపారు. నీళ్ల ఒత్తిడికి ఎడమవైపు రక్తం గాలి ఉన్న కుడివైపుకి మళ్లింది. ఎనభై రెండు. ఎనభై ఏడు. తొంభై. పరిశోధకురాలు ఇది పుస్తకంలో చదివిందే. అయినా తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"ఆవిడకి ఊపిరాడుతోందమ్మా. ఇక మీరూ పీల్చండి," అన్నాడు మత్తు డాక్టరు.

పన్నెండో సీసా నీళ్లలోంచి వెనక గోడ పలకల గీతలు కనిపించాయి. ఆపేశారు.

సీసాలన్నీ వరసగా పెట్టి తమ్ముడికి చూపించారు. 

"ఇదంతా లోపల పెట్టుకుని నాతో తగాదాలు కూడా పడిందా," అన్నాడు.

మర్నాడు పొద్దున్న పరిశోధకురాలు వార్డుకి వెళ్లింది. లాండ్రీ అక్క దిండుకి ఆనుకుని కూర్చుంది.

"నన్ను ఇరవై ఏడో మనిషిగా రాసుకో, ఉత్త నీళ్లు పడినా ఫరవాలేదు, నీళ్లతోనేగా ఇన్నాళ్లూ బతికింది," అంది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

"కుడివైపు కూడా కడగాలక్కా. ఆ తర్వాత పేరు రాసుకోవడానికి మూడు నెలలు ఆగాలి."

నర్సు వచ్చి ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టం తీసేసింది. పావుగంట తర్వాత, ఉత్త గాలి మీదే, ఆక్సిజన్ కొలిచింది. తొంభై మూడు.