ఒక్క రూపాయి అందింది

చిన్మయి మిట్టమధ్యాహ్నం జూబ్లీహిల్స్ నుంచి కృష్ణానగర్ దాకా నడిచొచ్చింది. చెప్పు తెగితే రెండోదీ తీసి చేత్తో పట్టుకుంది. దీనా టిఫిన్ సెంటర్ ముందు బల్ల మీద కూలబడి, ఫోన్ నా ముఖం మీదకు చాపింది.

"చూడక్కా. అడ్వాన్స్ పడ్డదని ఫోటో పంపిండు. పచ్చ టిక్కు గూడ ఉంది. నమ్మి పోయిన. పొద్దటి సంది గెస్ట్‌హౌస్‌ల కూసోబెట్టి, గెస్ట్ వస్తలేడు, పో అన్నడు. అకౌంట్ల చూస్తే ఏం లేదు. ఆటో కిరాయికి గూడ లేకపాయె!"

"ఎవడు?"

"ఇంకెవడు, చలపతిరావే."

చలపతిరావు ఫిల్మ్‌నగర్‌లో ప్రొడక్షన్ మేనేజర్. అడ్వాన్స్ ముట్టనిదే షూటింగ్‌కు జనరేటర్ బండి గేటు దాటి రాదని ఆయనకు బాగా తెలుసు. ఆ బండి ఓనర్‌తో 'అన్నా, అన్నా' అంటూ మాట్లాడతాడు. మా దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ముందు నువ్వు రా, డబ్బు సంగతి తర్వాత'. ఆడదాని ఒంటికి జనరేటర్ పాటి విలువ కూడా లేదు ఈ ఊళ్లో.

మేం సెక్స్ వర్కర్లం. దాచుకునేదేమీ లేదు. సినిమాల్లో గుంపులో నిలబడడానికి వచ్చి, వేషాలు రాక, కిరాయిలు కట్టలేక ఈ పనిలోకి దిగాం. బ్రోకర్ల కింద నలిగి నలిగి, ఆ పీడ వదిలించుకున్నాం. ఇప్పుడు ఎవరి పని వాళ్లం మాట్లాడుకుంటున్నాం. సగం మంది పిలిచి ఫోన్ కట్టేస్తారు. ముందు డబ్బు వేసినవాడు కాస్త మనిషిలా ఉంటాడు. వెయ్యనివాడి దగ్గరికి పోతే ఏమవుతుందో మా ఒంటి మీద మచ్చలు చెబుతాయి. మాకు అడ్వాన్స్ అంటే డబ్బొక్కటే కాదు, ప్రాణానికి పూచీ.

అందులోనూ ఒక ముల్లుంది. ఒక్క రూపాయి వేస్తే చాలు, బ్యాంకులో ఉన్న అసలు పేరు అవతలివాడి ఫోన్‌లో కనబడుతుంది. ఇక్కడ నేను హిమజని. బ్యాంకులో పసల అంతోనమ్మని. చలపతిరావు ముందే మా అందరికీ తలా ఒక రూపాయి వేసి, మా పేర్లు లాగి, ఇంటివాళ్ల ఆరా కూడా తీసిపెట్టుకున్నాడు.

చిన్మయి అక్కడే అతనికి ఫోన్ చేసి డబ్బడిగింది. స్పీకర్‌లో అతని నవ్వు వినబడింది.

"యాదమ్మా, నల్గొండలో మీ అన్నయ్యకు ఫోన్ చెయ్యమంటావా? నువ్వేం పని చేస్తున్నావో చెబుతాను."

చిన్మయి అసలు పేరది. దాని ముఖం పాలిపోయింది. నేను ఫోన్ లాక్కున్నాను. "మర్యాదగా డబ్బు వెయ్యండి."

"ఓహో, అంతోనమ్మగారా! మోతీనగర్‌లో అమ్మగారు బాగున్నారా? మీరు డబ్బింగ్ చెబుతున్నారనుకుంటోందట కదా పాపం, చర్చిలో అందరికీ గొప్పగా చెప్పుకుంటోందట!"

ఫోన్ కట్టేశాను. ఒళ్లు భగభగ మండింది. అంత మంట ఉండి కూడా ఒక్క మాట అనలేకపోయానే అని ఏడుపొచ్చింది.

సాయంత్రం దీనా వంటింటి వెనక అందరం చేరాం. గోల గోల. "మళ్లీ బ్రోకర్ దగ్గరికే పోదాం, కనీసం డబ్బయినా వస్తుంది" అంది ఒకామె. "సగం వాడే మింగుతాడు, సిగ్గుందా నీకు?" అని ఇంకొకామె లేచింది. మాలో వయసులో పెద్దదైన అపూర్వ అందరికంటే గట్టిగా అరిచింది. "మనం అడ్వాన్స్ అడుగుతాం, పక్క గల్లీ పిల్ల అడగకుండా పోతుంది. అప్పుడేం చేస్తావ్?"

"ఆ పిల్లను గూడ పిలువు మరి," అంది చిన్మయి. "ఎవరికి వాళ్లం గిట్ల దాక్కుంటున్నం గనుకనే వాడు ఒక్కొక్కల్ని తింటున్నడు."

దీనా ఇడ్లీ ప్లేట్లు తోముతూ అంతా వింటోంది. భర్త పోయాక ఏలూరు నుంచొచ్చి ఈ సెంటర్ పెట్టుకుంది. గల్లీలో ఆమె చేతి ఇడ్లీ తినని జూనియర్ ఆర్టిస్టు లేడు.

"ఏంటే ఆ కేకలు?" అంది. "మీ పేరు కనబడితేనేగా వాడి ఆటలు? అడ్వాన్సులు నా అకౌంట్‌లో వేయించండి. నా పేరు కనబడనియ్యండి. ఇడ్లీలమ్ముకునేదాన్ని, నన్నేం పీకుతాడు?"

గల్లా మీద చిన్న స్పీకర్ పెట్టె ఉంది. డబ్బు పడితే ఎంత పడిందో అదే పైకి చెబుతుంది.

"ఇది ఫోటోలు నమ్మదు," అంది దీనా.

అంతే, కట్టుబాటు తేలిపోయింది. పెట్టె పలకందే ఎవరూ ఆటో ఎక్కకూడదు. ఒకరు కాదన్నచోటికి ఇంకొకరు పోకూడదు. పక్క గల్లీల వాళ్లను కూడా తెచ్చి కూర్చోబెట్టి ఒప్పించాం.

మొదట్లో తిట్లు తిన్నాం. తిట్టినవాళ్లే తర్వాత డబ్బు వేశారు. చలపతిరావు మాత్రం దొంగ ఫోటోలే పంపాడు. ఒకరోజు ఎవరో ఫైనాన్షియర్లు దిగారని అందరికీ వరసగా ఫోన్లు కొట్టాడు. ఎవరికి కొట్టినా ఒకటే జవాబు: "పెట్టె పలకలేదండీ." వాడి గెస్ట్‌హౌస్‌లో ఆరోజు ఒక్క ఆడమనిషి అడుగు పెట్టలేదు. మేం పగలబడి నవ్వాం. నవ్వినంతసేపు పట్టలేదు ఏడవడానికి.

మర్నాడు ఇడ్లీల వేళకు పోలీసులొచ్చారు. ప్లేట్ల ముందు జనం చూస్తుండగానే దీనాను, ఆమె ఫోన్‌ను, ఆ పెట్టెను జీపెక్కించారు. "వీళ్ల సంపాదన నీ అకౌంట్‌లో పడుతోంది. నువ్వే బ్రోకర్‌వి."

చట్టం సంగతి మాకప్పుడు తెలిసింది. తన పని తాను చేసుకునే మనిషిది నేరం కాదట. ఆమె సంపాదన మీద బతికేవాళ్లది నేరమట. దీనా మా డబ్బుతో చుక్క టీ కూడా తాగలేదు. అయినా అసలు బ్రోకర్లు ఏసీ కార్లలో తిరుగుతుంటే, ఇడ్లీల దీనా దొరికింది చట్టానికి! మేం తెలివనుకున్నది ఆమె మెడకు చుట్టుకుంది.

స్టేషన్‌కు పోతే పేర్లు చెప్పాలి. అపూర్వ వెనక్కి తగ్గింది. "నా కొడుకు కాలేజీలో ఉన్నాడే..." ఆమెను తిట్టబుద్ధి కాలేదు. నాకూ భయంగానే ఉంది. అయినా అందరం కదిలాం, చివరికి ఆమె కూడా. వెనక ఆటోవాళ్లు, డాన్సర్లు, టిఫిన్ కోసం వచ్చినవాళ్లు నడిచారు.

స్టేషన్ గేటు దగ్గర టీవీ కెమెరాలు. లోపల ఎస్సై తలెత్తాడు. "ఎవరమ్మా మీరంతా? పేర్లు?"

మూల బల్ల మీద దీనా తల వంచుకుని కూర్చుంది. అమ్మ గుర్తొచ్చింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చునే మా అమ్మ. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే దీనా ముఖం ఎలా చూడను?

"పసల అంతోనమ్మ, మోతీనగర్," అన్నాను. కెమెరాలకు కూడా వినబడేలా అన్నాను. "నేను సెక్స్ వర్కర్‌ని. ఆ డబ్బు నాది. దీనా దాచిపెట్టి, పైసాతో సహా తిరిగిచ్చింది."

"బోయిని యాదమ్మ. రాసుకోండి సారూ," అంది చిన్మయి. ఫోన్ తీసింది. "గా చలపతిరావు రూపాయేసి నా పేరు గుంజుకున్నడు. ఇగో, ఇప్పుడు నా రూపాయి, నా పేరు, దీనాకు నేనే పంపుతున్న."

ఎస్సై బల్ల మీదున్న పెట్టె పలికింది. "ఒక్క రూపాయి అందింది."

అందరం ఉలిక్కిపడ్డాం. తర్వాత నేను వేశాను. అపూర్వ కళ్లు తుడుచుకుని తనూ వేసింది. కిటికీలోంచి చూస్తున్న ఆటో డ్రైవర్ విహారి బయటివాళ్లకు కేకేసి చెప్పాడు. రోజూ టిఫిన్ డబ్బులు వేసేవాళ్లే కదా, అందరి ఫోన్లలో దీనా ఉంది. ఒక్క రూపాయి అందింది. ఒక్క రూపాయి అందింది. దీనా ఫోన్ నిండా పేర్లు.

"ఆపండయ్యా దాన్ని!" అని ఎస్సై అరిచాడు. కానిస్టేబుల్ ఏదో నొక్కితే పెట్టె గొంతు ఇంకా పెరిగింది.

"మా డబ్బులు గూడ ఆమె అకౌంట్లనే పడ్డయ్ సార్," అన్నాడు విహారి. "మమ్మల్ని గూడ ఎక్కించుండ్రి జీపు."

ఎక్కించలేదు. దీనానూ వదల్లేదు. కోర్టుకు తీసుకెళ్లారు, బెయిల్ రాలేదు. మీటింగులు పెట్టి, జనాన్ని తెచ్చి, పేర్లు చెప్పుకుని కూడా ఆమెను విడిపించుకోలేకపోయాం. ఈ కోపం ఇంకా నా గొంతులోనే ఉంది. జైలు వ్యాన్ కదులుతుంటే దీనా ఊచల్లోంచి అరిచింది.

"పప్పు నానబెట్టండే! రేపు జనం ఆకలితో వెనక్కి పోకూడదు!"

సెంటర్‌కు తిరిగొచ్చేసరికి గుమ్మంలో అమ్మ కూర్చుని ఉంది. టీవీలో చూసి వచ్చిందట, మిగతాదంతా గల్లీవాళ్లు చెప్పారట. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. నన్ను చూడగానే లేచింది. కొంగు నడుముకు దోపుకుని, మినప్పప్పు గిన్నె ముందుకు లాక్కుని కడగడం మొదలుపెట్టింది. నేను దూరంగా నిలబడిపోయాను.

బల్ల మీద నా ఫోన్ మోగింది. చలపతిరావు. నాకంటే ముందు అమ్మ అందుకుని, తడిచేత్తోనే స్పీకర్ నొక్కింది.

"అంతోనమ్మా! మీ అమ్మకు చెప్పమంటావా?"

"వాళ్లమ్మనే మాట్లాడుతున్నానయ్యా," అంది అమ్మ. "నా కూతురి సంగతి నాకు తెలిసింది. నువ్వు చెప్పు, కాలి చెప్పు తెగి నడిచొచ్చిందట యాదమ్మ, ఆ పిల్ల డబ్బు ఎప్పుడు వేస్తున్నావ్?"