రేకు చిరిగిన వ్యాసం

కొత్తపేటలో ఉమాదేవిగారు పూతరేకులు తీస్తున్నంతసేపూ ఆ వంటింట్లో ఎవరూ అబద్ధం ఆడకూడదు. తెలిసి ఆడినా తెలియక ఆడినా, బోర్లించిన కుండ మీద రేకు చిరిగిపోతుంది. ఆ ఇంటి సంగతి అంతే. అందుకే పెళ్ళిళ్ళ పేరయ్యలు పొద్దుటిపూట ఆ గడప తొక్కరు.

ఆ శనివారం మేనకోడలు గాయత్రి లాప్‌టాప్ పట్టుకుని పొయ్యి పక్కనే పీటేసుకుంది. డాక్టరు పిల్ల, పైచదువు ఆఖరేడాది. పసిపిల్లల జ్వరం మీద వ్యాసం సాయంత్రంలోగా పంపకపోతే ఈ ఏడు పరీక్షకి కూర్చోనివ్వరు. డ్యూటీలతో నడుం విరిగిపోయి ఆ పని కాస్తా చాట్‌బాట్ నెత్తిన పెట్టేసింది. అదేమో క్షణంలో ముచ్చటగా రాసిచ్చేసింది. మురిసిపోయి అత్తకి చదివి వినిపించడం మొదలెట్టింది.

మొదటి పేరా బాగానే నడిచింది. ఉమాదేవి పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద పరిచి లాగడం, రేకు పల్చగా ఊడిరావడం. ఫలానా పత్రికలో ఫలానావాళ్ళు తేల్చేరు అనగానే రేకు నిలువునా చిరిగింది. ఇంకోటి చదివితే ఇంకోటి. మందు మోతాదు దగ్గరకొచ్చేసరికి కుండ మీద ముక్కలే మిగిలేయి.

"పెళ్ళివారి ఆర్డరు తల్లీ ఇది. నిజాలేవో ఏరుకుని చదువు," అంది ఉమాదేవి.

గాయత్రి వెతికి చూసింది. ఆ పత్రిక ఉంది, అందులో ఆ వ్యాసమే లేదు. మోతాదైతే పుస్తకంలో ఉన్నదానికి రెట్టింపు. అది చదివి ఎవరైనా పసివాడి నోట్లో పోస్తేనో అనుకుని ముందు ఆ అంకె దిద్దింది. చాట్‌బాట్‌ని నిలదీస్తే ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి, అంతే మర్యాదగా ఇంకో లేని వ్యాసం చూపించింది. అది పైకి చదివితే దానికీ ఓ రేకు పోయింది.

అన్నం కూడా మానేసి ఒక్కొక్కటీ సరిచూసుకుంది. లేనివి తీసేస్తే వ్యాసం సగానికి చిక్కిపోయింది. ఇంత బక్కదాన్ని ఎవరు ఒప్పుకుంటారని ఒకటే దిగులు. ఆఖరి వాక్యం గొణిగింది, ఇది పూర్తిగా నేనే రాశానని.

చిరిగింది. అత్త గుడ్డ మళ్ళీ పిండిలో ముంచింది.

"చాట్‌బాట్ సాయం తీసుకున్నాను. ప్రతి మాటా నేనే సరిచూశాను. తప్పుంటే పూచీ నాది," అంది గాయత్రి.

రేకు నిండుగా, అంచులతో సహా లేచొచ్చింది. అదే వాక్యం పెట్టి పంపేసింది.

సోమవారం ప్రొఫెసరుగారు ఫోన్ చేసేరు. బ్యాచ్ అందరి వ్యాసాల్లోనూ ఆధారాలు వెతికితే, చెప్పినవన్నీ దొరికింది గాయత్రిదొక్కటేనట. పరీక్షకి కూర్చోమన్నారు. మిగతావాళ్ళు మళ్ళీ రాస్తున్నారు, ఎలా సరిచూసుకోవాలో కాస్త చూపిస్తావా అని అడిగేరు.

"ఆయ్, చూపిస్తానండి. కాకపోతే అందరూ మా అత్తయ్యగారి వంటింటికి రావాలండి," అంది గాయత్రి.

పొయ్యిలోకి ఎండు కొబ్బరాకులు తోస్తున్న ఉమాదేవి ఆ మాట విని, లేచి వెళ్ళి రేకుల పిండికి ఇంకో రెండు కుంచాల బియ్యం నానబోసింది.